మంచిరోజు కోసం ఆగిన కవరు

పెదనాన్న అని రాసినప్పుడల్లా పక్కన గారు చేర్చాలి. వచ్చారు, అన్నారు అని రాయాలి. మా ఇంట్లో అలాగే నేర్పారు. ఎదురుగా ఉంటే ఇప్పటికీ మీరు అనే అంటాను. ఇక్కడ మాత్రం అనను. వచ్చాడు, అన్నాడు అనే రాస్తాను. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్న కోపానికి ఆ మాత్రం చోటైనా ఇవ్వకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడం దండగ.

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసుకునే ఉమ్మడి కుటుంబం. ముందు కొట్టు, వెనకాల ఇల్లు. పెదనాన్న, పెద్దమ్మ, నాన్న, అమ్మ, నేను. పెదనాన్నకి పిల్లలు లేరు, అందుకని అన్నదమ్ములిద్దరికీ కలిపి నేనే కూతుర్ని. వ్యాపారం ఇద్దరూ కలిసి చేస్తున్నారని ఊళ్ళో చెప్పుకునేవారు. కలిసి అంటే, పెదనాన్న చెప్పేవాడు, నాన్న తల ఊపేవాడు.

పెదనాన్న నాలుక సంగతి మార్కెట్ యార్డులో అందరికీ తెలుసు. బెల్లం దిమ్మ అంచు విరిచి ముక్క నోట్లో వేసుకుంటే చాలు, చెరుకు చీడికాడ వైపుదో మాడుగుల వైపుదో, పాకం ఎక్కడ మాడిందో, రంగు కోసం ఏం కలిపారో చెప్పేసేవాడు. పొద్దున్న కొట్టు తెరిచింది మొదలు మధ్యాహ్నం భోజనం దాకా ఆ నోట్లో బెల్లం లేని నిమిషం ఉండేది కాదు. దిమ్మలో ఏముందో క్షణంలో పట్టేసే మనిషి, ఒక కాగితంలో ఏముందో తెలుసుకోడానికి మాత్రం వణికాడు.

మా ఇంట్లో ఏ కవరూ వచ్చింది వచ్చినట్టు విప్పకూడదు. అది పెదనాన్న పెట్టిన కట్టడి. శుభలేఖ కావచ్చు, భూమి కాగితం కావచ్చు, నా టెన్త్ హాల్ టిక్కెట్టు కావచ్చు, ముందు కొట్లో మా ఊరి అమ్మవారు నూకాలమ్మ పటం ఉన్న అరమీదకి వెళ్ళాల్సిందే. నాలుగు మూలలా పసుపు రాసి పటం కింద పెట్టేవారు. ఆ తర్వాత పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని పంచాంగం తిరగేసి, తిథీ వారం కుదిరిన రోజు విప్పించేవాడు. "విప్పిన ఘడియ మంచిదయితే లోపలున్నదీ మంచిదే అవుతాది" అనేవాడు. నా హాల్ టిక్కెట్టు పరీక్షకి ముందురోజు సాయంత్రం విప్పారు. అంతవరకూ నాకు పరీక్ష ఏ స్కూల్లోనో తెలియదు.

ఇంకొకటి, బోణీ కాకుండా కొట్లో చెడ్డమాట ఎవరూ ఎత్తకూడదు. జబ్బు, చావు, నష్టం, ఏదీ. దిమ్మలు మోసే కళాసీ ఒకడు, పాపం, తల్లి పోయిందని సెలవడగడానికి వచ్చి, బోణీ అయ్యేదాకా గంటసేపు రోడ్డు మీద నించున్నాడు. ఇవన్నీ చిన్నప్పుడు నాకు తప్పుగా అనిపించలేదు. మర్యాదలు అనుకున్నాను.

నేను డిగ్రీలో చేరిన ఏడాది అమ్మ రొమ్ములో గడ్డ కనిపించింది. కనిపించింది అంటున్నాను గానీ అమ్మకి అంతకు ఎన్నో నెలల ముందే తెలుసు. ఒకరోజు వీపు రుద్దమంటే రుద్దుతూ నేనే చూశాను. అడిగితే, "దానంతటదే తగ్గుతాదిలే, ఎవరికీ చెప్పకు" అంది. చెప్పాను. అప్పుడింకా నాకు చెప్పడం వచ్చు. విశాఖపట్నంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించాడు. పదిరోజులు ఆగి, రిపోర్టు తీసుకుని నేరుగా తన దగ్గరికి రమ్మన్నాడు.

రిపోర్టుకి అమ్మా నేనూ వెళ్ళాం. కవరు చేతికొచ్చింది గానీ డాక్టరు ఆ రోజు ఊళ్ళో లేడు, మర్నాడు రమ్మన్నారు. తిరుగు బస్సులో అమ్మ కవరుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంటించలేదు, మడతపెట్టి పిన్ను కొట్టారంతే. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే. గాజువాక దాటాక అడిగాను, విప్పి చూడనా అని.

"వద్దమ్మా. మీ పెదనాన్న ఉన్నారు కదా" అంది అమ్మ.

సరే అన్నాను. ఆ మాట అన్నాక నాకు ఆకలేసింది. అంతకుముందు రోజునుంచి ముద్ద దిగలేదు, అలాంటిది లంకెలపాలెంలో బస్సాగితే వేరుశనక్కాయలు కొనుక్కుని తిన్నాను. ఎంత తేలిగ్గా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది, ఆ తేలికని తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కవరు పటం కిందకి వెళ్ళింది. నాలుగు మూలలా పసుపు. పెదనాన్న పంచాంగం చూసి, "నాలుగు రోజుల్లో ఆషాఢం వచ్చేత్తంది. ఈ నాలుగు రోజులూ తిథులు బాగోలేదు. శ్రావణంలో చూద్దాం" అన్నాడు. నాన్న తల ఊపాడు. పెద్దమ్మ నూకాలమ్మకి చీర మొక్కుకుంది. డాక్టరు దగ్గరికి మర్నాడు వెళ్ళాలన్న సంగతి అందరికీ తెలుసు. ఒక్కరూ ఎత్తలేదు.

శ్రావణం వచ్చింది. అప్పటికి మూఢం పట్టింది, మూఢంలో పెళ్ళిళ్ళే చెయ్యరు, కవరెలా విప్పుతారు? మూఢం వదిలేసరికి భాద్రపదం సగమైంది. ఆ వెంటనే పితృపక్షాలు. పెదనాన్న పంచాంగంలో మంచిరోజు దొరకడం కష్టమని మీరనుకుంటారేమో. అదే శ్రావణంలో యార్డు నుంచి వచ్చిన ఒక కవరుని ముహూర్తం లేకుండా చించి చూశాడు, అది సరుకు ధర గురించి కాబట్టి. నా కళ్ళారా చూశాను.

అమ్మ రోజూ పొద్దున్నే కొట్లోకి వెళ్ళి పటం ముందు దీపం పెట్టేది. పటానికి ఒక పువ్వు పెట్టి, కింద ఉన్న కవరుకి కూడా ఒకటి పెట్టేది. తన చావుకబురుకి తనే పూజ చేసుకుంది మా అమ్మ. నేను ఆ అర వైపు వెళ్ళినప్పుడల్లా పటాన్నే చూసేదాన్ని, కిందికి చూసేదాన్ని కాదు. జాకెట్లు వదులు చేయించుకుంది అమ్మ. ఎడమచెయ్యి పైకి లేవడం లేదని, వంటింట్లో పై డబ్బాలు కింద సర్దుకుంది. అందరం చూశాం. సర్దుకోడానికి పెద్దమ్మ సాయం కూడా చేసింది.

ఒక్కసారి మాత్రం తెగించాను. మూఢం రోజుల్లోనే, కొట్లో ఎవరూ లేనప్పుడు, "పెదనాన్నా, విప్పేద్దామా?" అన్నాను.

పెదనాన్న నోట్లో ముక్క చప్పరించడం ఆపాడు. "ఏటమ్మా, నీకు మీ అమ్మంటే ప్రేమ లేదేటి? మూఢంలో విప్పి లేనిపోనిది నెత్తిమీదకి తెచ్చుకుంటామా? అంత కానిదైపోయిందా మీ అమ్మ?"

అమ్మంటే ప్రేమ లేనిదాన్ని అనిపించుకోవడం ఇష్టం లేక నోరు మూసుకున్నాను.

చివరికి విజయదశమి నాడు విప్పారు. ఆ రోజుకి ముహూర్తం చూడక్కర్లేదట. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, కవరు నా చేతిలో పెట్టారు. కొత్త చీర కట్టుకుని అమ్మ ఎదురుగా నిలబడింది. చదివాను. రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎవరూ ఏమని అడగలేదు. పెదనాన్న లేచి, హారతి పళ్ళెం సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

విశాఖలో డాక్టరు కాగితం చూసి, తేదీ చూసి, మళ్ళీ కాగితం చూశాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టారు దీన్ని?" అన్నాడు. కాగితం పసుపు వాసన వేస్తోంది. నాన్న నేల చూశాడు, పెదనాన్న కిటికీ చూశాడు. అప్పుడే వచ్చి ఉంటే గడ్డ కోసి తీసేసేవాణ్ణని, ఇప్పుడు ఊపిరితిత్తుల దాకా పాకిందని డాక్టరు చెప్పాడు. ఉగాది రాకుండానే అమ్మ పోయింది.

పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళందరితో పెదనాన్న ఒకటే మాట అన్నాడు. "మన చేతుల్లో ఏటుంది? అలా రాసిపెట్టుంది."

రాసిపెట్టి ఉన్నమాట నిజమే. ఇంగ్లీషులో టైపు కొట్టి, కింద సంతకం చేసి, ఆయన కూర్చునే చోటికి రెండడుగుల ఎత్తున పటం కింద రాసిపెట్టి ఉంది. విస్తళ్ళు వేస్తున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. ఎప్పటికైనా ఈ మనిషికి వినడం ఇష్టం లేని మాట ఒకటి, వినక తప్పని చోట, నా నోటితో వినిపిస్తానని ఒట్టు పెట్టుకున్నాను. అలాంటి ఒట్లు తప్పని తెలుసు. తెలిసే పెట్టుకున్నాను.

డిగ్రీ అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేశాను. ఆడపిల్ల రక్తాలూ మూత్రాలూ ముట్టుకోవడమేమిటని ఇంట్లో గొడవ. నాన్న జీవితంలో మొదటిసారి తల అడ్డంగా ఊపాడు. నేను వినలేదు. మెయిన్ రోడ్డులోనే ఒక చిన్న ల్యాబులో చేరాను.

అక్కడ చేరాక తెలిసింది, మా పెదనాన్నలు ఊరి నిండా ఉన్నారని. రక్తం ఇస్తారు, డబ్బు కడతారు, సాయంత్రం వచ్చి రిపోర్టు తీసుకోమంటే సరే అంటారు, ఇక రారు. అలా తీసుకెళ్ళని రిపోర్టులకి మా దగ్గర ఒక సొరుగు ప్రత్యేకంగా ఉండేది. చీడికాడ నుంచి వచ్చిన ఒక రైతుకి షుగర్ విపరీతంగా ఉంది. వారం చూసి వాళ్ళ ఊరి ఎస్టీడీ బూతుకి ఫోన్ చేసి పిలిపించమన్నాను. కాసేపటికి ఫోన్లో గొంతు వినిపించింది. "ఆయన ఊళ్ళో నేడమ్మా. ఎప్పుడొత్తాడో తెల్దు." గొంతు అతనిదే. వారం కిందట సూది గుచ్చినప్పుడు నాతో అరగంట మాట్లాడిన గొంతు నాకు తెలియదా? "ఆయన వస్తే చెప్పండి, షుగర్ నాలుగింతలుంది, కాలికి దెబ్బ తగిలితే కాలే తీసెయ్యాల్సి వస్తుంది" అన్నాను. "సెప్తాను" అన్నాడు. మర్నాడు మొదటి బస్సుకి దిగాడు.

నాకు జాలి లేదని ల్యాబులో అనుకునేవారు. నిజంగానే లేదు. రిపోర్టు చేతికివ్వకుండా మొహం మీద చదివి వినిపించేదాన్ని. ఏడిస్తే ఏడవనిచ్చేదాన్ని. ప్రతి మొహంలోనూ పెదనాన్న మొహమే కనిపించేది, ప్రతిసారీ కొంత కసి తీరేది. పూర్తిగా తీరేది కాదు.

అలా మూడేళ్ళు గడిచాక ఒక బుధవారం పెదనాన్నే వచ్చాడు. కంట్లో పొరకి ఆపరేషన్ చెయ్యాలంటే ముందు రక్తపరీక్ష చేయించుకు రమ్మని కళ్ళ డాక్టరు చీటీ రాశాడట. చెప్పులు విడిచి కూర్చున్నాడు. కుడికాలి చిటికెన వేలు నల్లగా ఉంది. బెల్లం మూట తగిలిందని, రెండు నెలలైనా మానలేదని తనే చెప్పాడు. నేను నరం వెతుకుతుంటే గొంతు తగ్గించి, "కవర్లో పెట్టి కొట్టుకి పంపించెయ్ పాపా. మంచిరోజు చూసి విప్పుతాను" అన్నాడు.

నరం దొరికింది, సూది దించాను.

యంత్రం చూపించిన అంకె చూసి, యంత్రం పాడైందేమోనని మళ్ళీ చేశాను. అంతే వచ్చింది. కిడ్నీల పరీక్ష కూడా బాగోలేదు. ఇంటికెళ్ళి పెదనాన్న పంచాంగమే తీసి కూర్చున్నాను. అన్నిటికంటే చెడ్డరోజు కోసం వెతికాను. వచ్చే సోమవారం దొరికింది. బహుళ అష్టమి, పొద్దున్న ఏడున్నరకి రాహుకాలం మొదలు, అది చాలనట్టు వర్జ్యం. ఆ సోమవారం కోసం ఐదు రోజులు రిపోర్టు నా బ్యాగులో ఉంచుకున్నాను. ఆ వేలు ఆ ఐదు రోజులూ నల్లబడుతూనే ఉంటుందని తెలుసు. అదీ రాస్తున్నాను, దాచడం లేదు.

సోమవారం ఏడూ ముప్పావుకి ఇంట్లోంచి కాకుండా వీధివైపు నుంచి కొట్లోకి వెళ్ళాను. కొట్టు నిండా జనం ఉన్నారు. సరుకు తెచ్చిన రైతులు, కళాసీలు, పక్క కొట్టు షావుకారు, గుమ్మం దగ్గర నాన్న. పెదనాన్న నోట్లో ముక్క ఉంది. నా చేతిలో కవరు చూసి, కళ్ళతోనే అర వైపు చూపించాడు, అక్కడ పెట్టమని.

"బోణీ అవలేదు పాపా" అన్నాడు.

"తెలుసు పెదనాన్నా. అందుకే ఇప్పుడొచ్చాను."

కవరు చించాను. పిన్ను తీసి విప్పొచ్చు, కానీ చించాను. బడిలో పాఠం చదివినట్టు గట్టిగా, తెలుగులో చెప్పాను. మీకు షుగర్ ఉంది. ఇవాళ్టిది కాదు, ఏళ్ళ తరబడి ఉంది. కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. ఆ వేలు కుళ్ళుతోంది, ఆలస్యం చేస్తే పాదం, ఇంకా ఆలస్యం చేస్తే మోకాలి దాకా తీసేస్తారు. నోట్లో ఉన్నది ఉమ్మెయ్యండి.

కళాసీలలో పెద్దవాడు, "ఊరుకో తల్లీ, బోణీ కాకుండా అలాటి మాటలాడకు" అన్నాడు మెల్లగా. నేను ఊరుకోలేదు. మొదటినుంచీ మళ్ళీ చదివాను. నిజం చెప్పాలంటే ఆ రెండోసారి చదువుతున్నప్పుడు నాకు చాలా సంతోషంగా ఉంది. అంత సంతోషం తర్వాత నా పెళ్ళిలో కూడా కలగలేదు.

పెదనాన్న మొహం తెల్లబోయింది. ముక్క అరచేతిలోకి ఉమ్మేసుకుని దాన్నే చూస్తూ, "ఏటి నీకు నామీద ఇంత కక్ష?" అన్నాడు.

"అమ్మ కవరు ఎన్నాళ్ళుంది ఆ పటం కింద?"

అడిగానే గానీ జవాబు వస్తుందనుకోలేదు. నేనే చెప్పి తల దించుకునేలా చేద్దామనుకున్నాను. ఎన్ని రోజులో లెక్కపెట్టుకున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

"నూట నాలుగు రోజులు" అన్నాడు పెదనాన్న.

అంత లెక్క తెలిసిన మనిషి ఆ నూట నాలుగు రోజులూ ఏం చేస్తున్నట్టు? ఆ ప్రశ్న నా నోటిదాకా వచ్చింది. అడిగితే నన్ను కూడా అడుగుతాడని భయమేసి, కాగితం బల్ల మీద పెట్టి వచ్చేశాను. నేను చేసింది తప్పే. పదిమందిలో ఒకరి రోగం చదవకూడదు, మా ల్యాబు యజమానికి తెలిస్తే ఆ రోజే మాన్పించేవాడు. పక్క కొట్టు షావుకారు మాత్రం ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పరగడుపునే మా ల్యాబుకొచ్చి, తన రక్తం కూడా చూడమని చెయ్యి చాచాడు.

పెదనాన్నని ఆ సోమవారం మధ్యాహ్నమే నాన్న కారు మాట్లాడి విశాఖ తీసుకెళ్ళాడు. ముహూర్తం ఎవరూ చూడలేదట. ఒక వేలు తీసేశారు, పాదం దక్కింది. ఇంకో నెల ఆగి ఉంటే దక్కేది కాదని డాక్టరు అన్నాడని పెద్దమ్మ వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. ఆయన బతకాలని నేను వెళ్ళలేదు. ఆయన మొహం చూడాలని వెళ్ళాను. అది చూశాను, నా పని అయిపోయింది అనుకున్నాను.

అవలేదు. పెదనాన్న నెలనెలా ల్యాబుకి రావడం మొదలుపెట్టాడు. ఇంకెవరూ సూది గుచ్చడానికి వీల్లేదు, నేనే గుచ్చాలి. కవరు ఇంటికి పట్టుకెళ్ళడు. గంటసేపు బల్ల మీద కూర్చుని, నాచేత అక్కడే చదివించుకుని వెళ్తాడు. కొట్లో రుచి చూసే పని నాన్నకి అప్పగించాడు. తను దిమ్మ వాసన చూసి ఊరుకుంటాడు.

రెండేళ్ళు గడిచాక అనుకుంటాను, ఒకరోజు షుగర్ బాగా పెరిగి ఉంది.

"ఏం తిన్నారు?"

"మాడుగుల హల్వా. ఒక్క ముక్క."

"ఒక్క ముక్కకి ఇంత పెరగదు."

"రెండు" అన్నాడు. నేను కాగితం ముందుకు జరిపితే, "నాలుగు" అన్నాడు.

నేను తిట్టాను. మామూలుగా తిట్టలేదు, బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూసేలా తిట్టాను. కాలు పోగొట్టుకుని కొట్టు గుమ్మంలో కూర్చోమని, అప్పుడు నేనొచ్చి చూసి నవ్వుతానని అన్నాను. పెదనాన్న అంతా విన్నాడు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు. వేలు లేని పాదానికి చెప్పు సరిగా పట్టదు, దాన్ని సర్దుకుంటూ వంగినవాడు అలాగే ఉండి మాట్లాడాడు.

"ఆ రోజు నువ్వు నా మంచి కోరి రాలేదని నాకు తెలుసు పాపా. కక్షతోనే వచ్చేవు. మీ అమ్మ మీద కూడా మన ఇంట్లో ఒక్కరికైనా అలాటి కక్ష ఉండుంటే, అది బతికేది."

ఆయన వెళ్ళిపోయాడు. తర్వాతి మనిషిని పిలవాలి, నేను పిలవలేదు. అమ్మ కాక ఆ ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం. నలుగురికీ అమ్మంటే ప్రాణం.